రెండు పట్టాల చదువు: నల్గొండ, పాలమూరు లెక్క

ఇంటర్ ఫలితాలు వచ్చి దోస్త్ ప్రవేశాలు మొదలయ్యాయంటే డిగ్రీ కాలేజీల హెల్ప్‌లైన్ కేంద్రాల దగ్గర ఈ మధ్య ఒక ప్రశ్న తరచూ వినబడుతోంది. "సార్, ఒకేసారి రెండు డిగ్రీలు చదవొచ్చంట గదా?" అడిగేది పిల్లలకంటే తల్లిదండ్రులే ఎక్కువ. చదవొచ్చు, నిజమే. 2022 ఏప్రిల్ 13న యూజీసీ ఇందుకు మార్గదర్శకాలు విడుదల చేసింది. అప్పుడు యూజీసీ అధ్యక్షుడిగా ఉన్న మామిడాల జగదీశ్ కుమార్ ఉమ్మడి నల్గొండ జిల్లా మామిడాలలో పుట్టినవారే. అయితే ఆయన హయాంలో వచ్చిన వెసులుబాటు ఆయన పుట్టిన జిల్లాలో ఏ మేరకు పనికొస్తుందన్నది వేరే విచారణ. పక్కనున్న పాలమూరుకూ, అంటే ఉమ్మడి మహబూబ్‌నగర్‌కూ, అదే వర్తిస్తుంది.

రెండు పట్టాల మోజు మనకు యూజీసీ నేర్పింది కాదు. నల్గొండలోగానీ మహబూబ్‌నగర్‌లోగానీ జిల్లా గ్రంథాలయానికి పొద్దున్నే వెళ్లి, కుర్చీ దొరకబట్టుకుని కూర్చున్నవాళ్లను చదువెంతని అడిగి చూడండి. "డబుల్ పీజీ, బీఎడ్" అన్న సమాధానం నాలుగైదు బల్లల లోపే వినబడుతుంది. పెళ్లి సంబంధాల బయోడేటాల్లోనూ అదే మాట. 2011 జనాభా లెక్కల నాటికి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అన్నిటికంటే అడుగున. ఆడవాళ్లలో అది 45 శాతానికి కూడా చేరలేదు. నల్గొండది 64 శాతం. బొంబాయికీ పూనాకూ మట్టి పనికి వెళ్లి వచ్చిన ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటి మనిషి మీద ఎంత ఆశ ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఒక పట్టా ఉద్యోగం తేకపోతే ఇంకో పట్టా తెస్తుందేమోనన్న ఆలోచన ఆ ఆశలోంచి పుట్టిందే, దాన్ని ఎగతాళి చేయడం తప్పు. కాకపోతే ఏ రెండో పట్టాతో కొత్తగా ఏ పోస్టుకు, ఏ వృత్తికి, ఏ పైచదువుకు అర్హత వస్తోందో కాగితం మీద రాసుకుని చూసేవాళ్లు తక్కువ. ఈ వ్యాసం ఆ లెక్క కోసమే.

ముందు నిబంధన సంగతి. ఒకేసారి రెండు కోర్సులు వద్దన్నది చాలాకాలం విశ్వవిద్యాలయాల మామూలు పద్ధతి. 2012లో ఫుర్ఖాన్ ఖమర్ నేతృత్వంలోని కమిటీ, రెగ్యులర్ డిగ్రీతో పాటు దూరవిద్యలో మరొకటి చదవనివ్వొచ్చని చెప్పింది. వృత్తివిద్యా మండళ్లు ఒప్పుకోకపోవడంతో 2016లో యూజీసీ దాన్ని పక్కన పెట్టింది. 2019లో భూషణ్ పట్వర్ధన్ కమిటీ మళ్లీ తవ్వితీసింది, 2020లో సూత్రప్రాయంగా సరేనన్నారు, 2022లో అమల్లోకి వచ్చింది. ఇప్పుడు మూడు దారులున్నాయి. తరగతుల వేళలు ఒకదానికొకటి అడ్డం రాకపోతే రెండూ రెగ్యులర్‌గానే చదవొచ్చు. ఒకటి రెగ్యులర్‌గా, రెండోది దూరవిద్యలోనో ఆన్‌లైన్‌లోనో చదవొచ్చు. రెండూ దూరవిద్యలోనైనా సరే. పీహెచ్‌డీకి మాత్రం ఇది వర్తించదు.

మొదటి దారిని మన రెండు జిల్లాల్లో మరిచిపోవచ్చు. 2007లో ఏర్పడిన నల్గొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం కిందా, 2008లో వచ్చిన పాలమూరు విశ్వవిద్యాలయం కిందా ఉన్న డిగ్రీ కాలేజీల్లో ఎక్కడ చూసినా తరగతులు పొద్దున మొదలై సాయంత్రానికి ముగుస్తాయి. పొద్దున ఒక కాలేజీ, సాయంత్రం ఇంకో కాలేజీ అన్న ఏర్పాటు మహానగరంలో ఏమోగానీ ఇక్కడ కుదరదు. దేవరకొండ నుంచి నల్గొండకో, అచ్చంపేట నుంచి మహబూబ్‌నగర్‌కో రోజూ వచ్చిపోయే పిల్లకు ఒక్క కాలేజీలో 75 శాతం హాజరు నిలబెట్టుకోవడమే పెద్ద పని. 2023 డిసెంబరులో మహాలక్ష్మి పథకం వచ్చాక ఆడపిల్లలకు ఆర్టీసీ చార్జీల బరువు తగ్గింది. ప్రయాణంలో పోయే గంటలు మాత్రం అన్నే పోతున్నాయి. ఇంకో చిక్కు టీసీ. ఉన్నది ఒక్కటే అసలు టీసీ. కాలేజీలో రిపోర్ట్ చేసిన రోజునే అది అక్కడి బీరువాలోకి వెళ్లిపోతుంది. రెండో కాలేజీ కౌంటర్‌లోనూ మొదట అడిగేది దాన్నే.

కాబట్టి ఇక్కడ డబుల్ డిగ్రీ అంటే వాడుకలో రెండో దారే. అంటే అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇగ్నో, లేదా ఏదైనా ఆన్‌లైన్ కోర్సు. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలైన అంబేడ్కర్ యూనివర్సిటీ దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ. దాని అధ్యయన కేంద్రాలు ఎక్కువగా ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లోనే నడుస్తాయి. కాబట్టి వారమంతా రెగ్యులర్ పిల్లలు కూర్చునే బల్లల మీదే సెలవురోజు కండక్టర్లు, అంగన్‌వాడీ టీచర్లు, హోంగార్డులు కూర్చుంటారు. ఈ విశ్వవిద్యాలయం పుట్టింది వాళ్లకోసం. ఇప్పుడు వాళ్ల పక్కన, అదే కాలేజీలో వారమంతా చదివిన పిల్లలు కూడా కూర్చోవచ్చు. అది మంచికా చెడుకా అన్నది వాళ్లు ఏ కోర్సు ఎంచుకున్నారన్నదాన్ని బట్టే తేలుతుంది.

ఉద్యోగాల లెక్క ఉపాధ్యాయ పోస్టులతో మొదలుపెట్టాలి. ఈ జిల్లాల్లో సగటు ఇంటి ఆలోచన అక్కడికే పోతుంది.

2024 డీఎస్సీలో తెలంగాణ మొత్తం మీద 11,062 పోస్టులు. అందులో ఎస్జీటీలు 6,508, స్కూల్ అసిస్టెంట్లు 2,629, భాషా పండితులు 727. ఎస్జీటీకి కావలసింది డీఎడ్. ప్రాథమిక తరగతులకు బీఎడ్ అర్హత కాదని 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చేసింది. అంటే ఇంటర్ తర్వాత రెండేళ్ల డీఎడ్ చేసిన అభ్యర్థి ముందు ఆరున్నర వేల పోస్టులుంటే, డిగ్రీ, బీఎడ్, రెండు పీజీలు చేసిన అభ్యర్థి ముందున్న స్కూల్ అసిస్టెంట్ పోస్టులు అందులో సగం కూడా లేవు. ఉన్న ఆ పోస్టులు కూడా సబ్జెక్టులవారీగా, జిల్లాలవారీగా, రిజర్వేషన్లవారీగా చీలిపోయినవి. రెండో పీజీ ఈ వరుసలో ఎవరినీ ఒక్క మెట్టు కూడా ముందుకు జరపదు. డీఎస్సీ మార్కుల్లో దానికంటూ ఏమీ రావు. ఈ ఒక్క విషయం తెలిసి ఉంటే మన గ్రంథాలయాల్లో ఎన్ని బల్లలు ఖాళీ అయ్యేవో అనిపిస్తుంది నాకు.

అదే ఉపాధ్యాయ రంగంలో మరో జంట నిజంగా పనికొస్తుంది. గురుకులాల్లో పీజీటీ పోస్టుకు పీజీ, బీఎడ్ రెండూ ఉండాలి. 2023లో గురుకులాల నియామక బోర్డు 9 వేలకు పైగా పోస్టులు భర్తీకి పెట్టినప్పుడు ఈ రెండూ చేతిలో ఉన్నవాళ్లకు టీజీటీతో పాటు పీజీటీ కూడా రాసుకునే వీలు దొరికింది. జూనియర్ లెక్చరర్‌కు ఎలాగూ పీజీ కావాలి. 2022 డిసెంబరు నోటిఫికేషన్‌లో ఆ పోస్టులు 1,392. బీఎడ్ ఇప్పుడు రెండేళ్లు, పీజీ రెండేళ్లు. వెనకా ముందూ చేస్తే నాలుగేళ్లు. బీఎడ్ రెగ్యులర్‌గా చదువుతూ ఎమ్మే దూరవిద్యలో చేస్తే రెండేళ్లలో రెండూ ముగుస్తాయి, అదీ ఇప్పుడు నిబంధనలకు లోబడే. పాతికేళ్లు వచ్చేలోపు ఒక ఉద్యోగం చూసుకోవాలన్న ఒత్తిడి ఉన్న ఇంట్లో, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో, రెండేళ్లు మిగలడం చిన్న సంగతి కాదు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. పీజీ సబ్జెక్టు, బీఎడ్ మెథడాలజీ, డిగ్రీలో చదివిన సబ్జెక్టులు, మూడూ ఒకే వరుసలో ఉండాలి. సోషల్ మెథడాలజీతో బీఎడ్ చేస్తూ, దూరవిద్యలో సులువుగా పాసవుతామని ఎమ్మే తెలుగు తీసుకుంటే పీజీటీ సోషల్‌కూ పనికిరాదు, పీజీటీ తెలుగుకూ పనికిరాదు.

ఇక్కడే డిగ్రీ కాలేజీల్లో వచ్చిన బకెట్ విధానం గురించి ఓ మాట. ఇష్టమైన సబ్జెక్టులు కలుపుకోవచ్చనడం బాగానే ఉంది. కానీ స్కూల్ అసిస్టెంట్ ఫిజికల్ సైన్స్‌కు డిగ్రీలో ఏయే సబ్జెక్టులుండాలో డీఎస్సీ నోటిఫికేషన్ పేర్లతో సహా చెబుతుంది. కంప్యూటర్స్ మోజులో కెమిస్ట్రీ వదిలేసిన పిల్లాడికి ఆ సంగతి మూడేళ్ల తర్వాత, బీఎడ్ కౌన్సెలింగ్‌లో మెథడాలజీ ఎంచుకునేటప్పుడు తెలుస్తుంది. అప్పుడు దూరవిద్యలో ఇంకో డిగ్రీ వెతుక్కుంటాడు. అలాంటి రెండో డిగ్రీ అవకాశాలు పెంచుకోవడానికి చేసేది కాదు, మొదటి డిగ్రీలో పడిన చిల్లు పూడ్చుకోవడానికి చేసేది.

డీఎడ్ చదువుతూ డిగ్రీ దూరవిద్యలో చేసే జంటను మనవాళ్లు పెద్దగా పట్టించుకోరు. నా లెక్కలో అది ఈ రెండు జిల్లాలకు బాగా సరిపోయే వాటిలో ఒకటి. ఎస్జీటీకి దారి ముందే ఉంటుంది, డిగ్రీ పూర్తవగానే గ్రూప్స్ రాయడానికీ, తర్వాత బీఎడ్‌కూ అర్హత వస్తుంది. డీఎడ్ విశ్వవిద్యాలయాల పరిధిలోది కాదు, పాఠశాల విద్యాశాఖ కిందిది. కాబట్టి చేరేముందు డైట్ (జిల్లా విద్యా శిక్షణ సంస్థ) ప్రిన్సిపాల్‌ను అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకుని దగ్గర పెట్టుకోవడం మేలు.

రాతపూర్వకంగా అని ఊరికే అనలేదు. సర్టిఫికెట్ వెరిఫికేషన్ బల్ల దగ్గర నిలబడి చూస్తే అర్థమవుతుంది. గట్టి అట్ట ఫైలు, ప్లాస్టిక్ కవర్లలో పదో తరగతి మెమో నుంచి వరుసగా పెట్టిన కాగితాలు, ప్రతిదానికీ రెండేసి జిరాక్సులు, వాటి మీద గెజిటెడ్ ఆఫీసర్ సంతకం. బల్లకు అవతల కూర్చున్న ఉద్యోగి మార్కులకంటే ముందు సంవత్సరాలు చూస్తాడు. బీఎడ్ 2016–18, ఎమ్మే 2017–19. ఆ 2017–18 దగ్గర పెన్ను ఆగుతుంది. "ఒకే ఏడు రెండెట్ల చదివినవ్?" 2022కు ముందు ఇలా చదివినవాళ్లకు దీనికి జవాబు ఉండేది కాదు. 2022 మార్గదర్శకాలు కూడా పాతవాళ్లకు వర్తించవనే చెప్పాయి. 2025 జూన్‌లో యూజీసీ ఆ మాట సవరించింది. అప్పటి నిబంధనల ప్రకారం గుర్తింపు ఉన్న సంస్థల్లో చేసినవైతే, 2022 ఏప్రిల్‌కు ముందు ఏకకాలంలో చదివిన పట్టాలు కూడా చెల్లుతాయంది. ఇన్నేళ్లుగా ఒక పట్టా దాచిపెట్టి ఇంకోటి చూపించుకుంటూ వచ్చినవాళ్లకు అది పెద్ద ఊరట. ఆ సవరణ కాపీని కూడా ఫైల్లో ఓ కవర్లో పెట్టుకోమని వాళ్లకు నా సలహా. బల్లకు అవతల ఉన్న మనిషికి అది తెలిసి ఉండాలని రూలేమీ లేదు.

గ్రూప్స్ కోసం రెండో డిగ్రీ చేసేవాళ్ల గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. గ్రూప్–1కైనా గ్రూప్–2కైనా చాలా పోస్టులకు ఏదైనా ఒక డిగ్రీ చాలు. రెండోదానికి పెట్టే రోజులు సిలబస్‌కు పెట్టుకోవడం మంచిది.

న్యాయవిద్య కథ వేరు. మన రెండు జిల్లాల్లో రెండు పట్టాలకు అందరికంటే పాత సంప్రదాయం వకీళ్లదే. సురవరం ప్రతాపరెడ్డి బీఏ తర్వాత బీఎల్ చదివి, వకాల్తా పక్కన పెట్టి 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. హైదరాబాద్ రాష్ట్రానికి 1952 నుంచి 1956 దాకా ముఖ్యమంత్రిగా చేసిన బూర్గుల రామకృష్ణారావు పూనా ఫెర్గూసన్ కాలేజీలో డిగ్రీ, ఆపైన బొంబాయి విశ్వవిద్యాలయం నుంచి న్యాయశాస్త్రం చదివారు. ఇద్దరూ పాలమూరు వాళ్లే. ఇద్దరికీ రెండో పట్టా ఒక స్వతంత్ర వృత్తిని చేతిలో పెట్టింది, ఆ ధైర్యంతో వేరే పనులకు దిగగలిగారు. ఈనాటికీ లా పట్టా లక్షణం అదే. నోటిఫికేషన్ కోసం ఎదురుచూడకుండా బతకగలిగే అర్హతల్లో ఇదొకటి. 2022 జూన్ 2న రాష్ట్రంలో కొత్త జిల్లాలకు కూడా జిల్లా కోర్టులు మొదలయ్యాక నారాయణపేట, వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్, సూర్యాపేట, భువనగిరి పట్టణాల్లో కొత్త వకీళ్లకు సొంతూరి దగ్గరే పని దొరికే వీలు కొంత పెరిగింది.

కాకపోతే లా విషయంలో యూజీసీ మాట కంటే బార్ కౌన్సిల్ మాట ముందు వస్తుంది. 2008 నాటి న్యాయవిద్యా నిబంధనల ప్రకారం లా చదివే విద్యార్థి దాంతో పాటు మరో రెగ్యులర్ కోర్సులో చేరకూడదు. దూరవిద్య కోర్సుకూ, భాష, కంప్యూటర్ లాంటి కొద్దికాలపు సర్టిఫికెట్లకూ మినహాయింపు ఉంది. అంటే ఎల్ఎల్‌బీ రెగ్యులర్‌గా చదువుతూ దూరవిద్యలో ఎమ్మే చేయొచ్చు. దూరవిద్యలో ఎల్ఎల్‌బీ మాత్రం లేనే లేదు. లా, ఇంజనీరింగ్, వైద్యం, నర్సింగ్, ఫార్మసీ, వ్యవసాయం దూరవిద్యలో ఇవ్వరాదని యూజీసీ నిషేధించింది. 2025 జులై–ఆగస్టు ప్రవేశాల నుంచి సైకాలజీ, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, పోషకాహార శాస్త్రం లాంటివి కూడా ఆ జాబితాలోకి వెళ్లాయి. సైకాలజీ దూరవిద్యలో బాగా గిరాకీ ఉన్న సబ్జెక్టు. పాత బ్రోచర్ చూసి ప్లాన్ వేసుకున్నవాళ్లు మళ్లీ ఆలోచించుకోవాలి.

ఇంటర్ కాగానే ఒకేసారి బీఏ ఎల్ఎల్‌బీ చదివే ఐదేళ్ల కోర్సు కూడా ఉంది, లాసెట్ ద్వారా. డిగ్రీ మూడేళ్లు, లా మూడేళ్లు కలిపితే ఆరేళ్లు అవుతుంది కాబట్టి ఒక ఏడాది ఆదా. ఆస్ట్రేలియాలో ఆర్ట్స్–లా, కామర్స్–లా అని రెండు పట్టాలు కలిపి ఇచ్చే పద్ధతి బాగా పాతుకుపోయింది, దీనికీ దానికీ పోలిక దగ్గరదే. కానీ మన దగ్గర ఈ ఐదేళ్ల కోర్సు మధ్యలో వదిలేసినవాడి పరిస్థితి బాగుండదు. ఇంట్లో ఒక ఏడాది ఆర్థికంగా ఇబ్బంది వస్తే ఆగిపోయే ప్రమాదం ఉన్న పిల్లలకు మూడేళ్లకు ఒక పట్టా చేతికొచ్చే దారే నయమని నేననుకుంటాను. ముందు డిగ్రీ, ఆపై లా.

పరిశ్రమల వైపు చూస్తే జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లోనూ, ఇటు చౌటుప్పల్, చిట్యాల పొడవునా ఫార్మా, రసాయన కంపెనీలున్నాయి. అక్కడ క్వాలిటీ కంట్రోల్ ల్యాబుల్లో, ప్రొడక్షన్‌లో బీఎస్సీ, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పిల్లలకు పని దొరుకుతుంది. వీళ్లకు రెండో డిగ్రీ వేరే సబ్జెక్టులో చేయడం వల్ల ఒరిగేది తక్కువ. అదే సబ్జెక్టులో పైకి వెళ్లడం వల్ల వచ్చేది ఎక్కువ. ల్యాబ్‌లో ఇంటర్వ్యూ చేసేవాడు హెచ్‌పీఎల్‌సీ యంత్రం ముందు కూర్చోబెట్టి, కాలమ్ ఎలా ఎంచుకుంటావని అడుగుతాడు. పక్కన దూరవిద్యలో చేసిన బీఏ ఉందో లేదో అతనికి పట్టదు. నల్గొండ, పాలమూరు విశ్వవిద్యాలయాల్లో నడిచే ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ కెమిస్ట్రీ ఎమ్మెస్సీ ఈ కోణంలో మంచి ఎంపిక. రెండు పట్టాల కష్టం ఉండదు, పీజీ ప్రవేశ పరీక్ష కోసం ఏడాది పోగొట్టుకునే పని ఉండదు.

కామర్స్ వాళ్లకూ ఇంచుమించు ఇదే సూత్రం. మిర్యాలగూడ రైస్‌మిల్లులో జీఎస్టీ రిటర్నులు వేయగలిగిన బీకాం కుర్రాడికి ఉన్న విలువ రెండు డిగ్రీల కుర్రాడికి లేదు. పట్టుదల ఉన్నవాళ్లు బీకాంతో పాటు సీఏనో సీఎంఏనో మొదలుపెడతారు. 2021లో యూజీసీ సీఏ, సీఎస్, ఐసీడబ్ల్యూఏ అర్హతలను పీజీతో సమానంగా గుర్తించింది. బీకాం ప్లస్ సీఏ అంటే పేరుకు ఒక డిగ్రీ, బరువుకు రెండు పట్టాలు. వనపర్తి రాజాగారి ప్యాలెస్‌లో నడుస్తున్న పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి, ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరేవాళ్లదీ ఇలాంటి దారే. ఇంజనీర్ పట్టాకు ముందే చేతిలో ఒక ఉద్యోగార్హత ఉంటుంది.

ఇక కంప్యూటర్లు. 2022 తర్వాత డబుల్ డిగ్రీ మాట ఊపందుకోవడానికి పెద్ద కారణం ఐఐటీ మద్రాస్ 2020లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ డేటా సైన్స్ బీఎస్. ఇంటర్ ఏ గ్రూపు చదివినా చేరొచ్చు, పదో తరగతిలో గణితం, ఇంగ్లిష్ చదివి ఉండాలి. జేఈఈ అక్కర్లేదు. నాలుగు వారాల పాఠాలు విని, క్వాలిఫయర్ పరీక్ష పాసైతే సీటు ఖాయం. ఎక్కడ ఆపినా ఏదో ఒక కాగితం చేతికొస్తుంది: ముందు ఫౌండేషన్ సర్టిఫికెట్, తర్వాత డిప్లొమాలు, ఆపైన బీఎస్సీ, చివరికి బీఎస్. రాయితీలు లేకుండా పూర్తిగా చదివితే మూడు లక్షలకు పైనే అవుతుంది. ఆదాయాన్ని, సామాజిక వర్గాన్ని బట్టి పెద్ద రాయితీలే ఉన్నాయి. బీటెక్ పిల్లలు చాలామంది దీన్ని పక్కన పెట్టుకుని చదువుతున్నారు.

దీని మీద నా అభిప్రాయం రెండు పక్కలా ఉంది. పాలమూరులో బీఎస్సీ మ్యాథ్స్ చదివే అమ్మాయికి ఐఐటీ పాఠం ఇంట్లోనే దొరకడమంటే పదేళ్ల కిందట ఊహకందని సంగతి. కానీ ఆ అమ్మాయి వారం ఎలా గడుస్తుందో చూడండి. ఆరు రోజులు కాలేజీ, రానూపోనూ మూడు గంటల బస్సు. వారం వారం తేదీ దాటకుండా అసైన్‌మెంట్లు. క్విజ్‌ల రోజున పరీక్షా కేంద్రానికి, అంటే హైదరాబాద్‌కో మరో నగరానికో ప్రయాణం. ఫోన్ తెరమీద పైథాన్ కోడ్ రాయలేం, ల్యాప్‌టాప్ కావాలి. అటు కాలేజీ సెమిస్టర్ పరీక్షలూ ఇటు క్విజ్‌లూ ఒకే వారంలో పడితే ఏదో ఒకటి వదులుకోవాల్సిందే. ఈ కోర్సుకు పేరు తెచ్చింది దాని కాఠిన్యమే. అదనపు పట్టా కదా, పడి ఉంటుందిలే అని చేరేవాళ్లను ఫౌండేషన్ దశలోనే అది వడపోసేస్తుంది. అయితే అక్కడ దాకా నేర్చుకున్న గణాంక శాస్త్రం, ప్రోగ్రామింగ్ ఎక్కడికీ పోవు. కాబట్టి పూర్తి బీఎస్ లక్ష్యంగా కాక, ముందు డిప్లొమా దాకా అని చేరితే నష్టం తక్కువ.

బీటెక్ పిల్లలకు ఇంకో తేలిక మార్గం సొంత కాలేజీలోనే ఉంది. జేఎన్టీయూ హైదరాబాద్ నిబంధనల్లో అదనపు క్రెడిట్లతో మైనర్, ఆనర్స్ తెచ్చుకునే వీలుంది. రెండో అడ్మిషన్ లేదు, రెండో టీసీ తగాదా లేదు. 2022లోనే ఆ విశ్వవిద్యాలయం బీటెక్ చదివేవాళ్లు పక్కనే డేటా అనలిటిక్స్‌లో బీబీఏ చేసుకోవచ్చని కూడా ప్రకటించింది. స్వీడన్‌లోని బ్లెకింగే విద్యాసంస్థతో కలిసి ఇచ్చే రెండు దేశాల పట్టా కూడా దానికి ఉంది. హైదరాబాద్ బిట్స్‌లో ఎమ్మెస్సీలో చేరి, మొదటి ఏడాది మార్కులను బట్టి ఇంజనీరింగ్ కూడా కలుపుకుని ఐదేళ్లలో రెండు పట్టాలతో బయటికొచ్చే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. ఫీజు సంగతి చూసుకుంటే అది మన జిల్లాల్లో కొద్దిమందికే అందేది.

అమెరికా ఆలోచన ఉన్నవాళ్లు ఒక లెక్క గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. నల్గొండ జిల్లాలో అలాంటివాళ్లు తక్కువేమీ కాదు. అక్కడ చాలా విశ్వవిద్యాలయాలు ఎమ్మెస్‌కు పదహారేళ్ల చదువు అడుగుతాయి. పది, ఇంటర్ రెండు, డిగ్రీ మూడు కలిస్తే పదిహేను. ఒకే మూడేళ్లలో రెండు డిగ్రీలు చేసినా అవి పదిహేనే, పద్దెనిమిది కావు. వాళ్లు లెక్కపెట్టేది ఏళ్లను, పట్టాలను కాదు. నాలుగేళ్ల ఆనర్స్‌గానీ, డిగ్రీ పైన పీజీగానీ ఆ పదహారో ఏడాదిని ఇస్తాయి. అందుకని రెండు డిగ్రీలుంటే వీసా తేలికవుతుందని చెప్పే కన్సల్టెన్సీ వాడి మాట పట్టుకుని దూరవిద్యలో చేరొద్దు.

డబ్బు సంగతి ఇంతవరకు తేలేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్, ఉపకారవేతనం ఒక విద్యార్థికి ఒకే కోర్సుకు. రెండోది సొంత ఖర్చే. ఆ ఒక్క కోర్సుకు రావలసిన రీయింబర్స్‌మెంటే సమయానికి రాక కాలేజీలు సర్టిఫికెట్లు ఆపుకోవడం ఏటా చూస్తున్నాం. మొదటి పట్టా మెమోలు కాలేజీ బీరువాలో ఇరుక్కుని ఉంటే, రెండో పట్టా పూర్తయినా పీజీలో చేరడం కష్టమే. అందువల్ల రెండోది ఎంచుకునేటప్పుడు ఫీజు ఒక్కటే కాదు, దాని పరీక్ష ఫీజులు, ప్రయాణాలు, పుస్తకాలు కూడా కలిపి, ఎవరి మీదా ఆధారపడకుండా కట్టగలమా అని చూసుకోవాలి.

"వన్ సిట్టింగ్ డిగ్రీ" బోర్డుల గురించి ఈ జిల్లాల్లో తెలియనివాళ్లు లేరు. జిరాక్స్ షాపు పక్కన గది, గోడమీద ఎక్కడో ఉత్తరాది విశ్వవిద్యాలయం పేరు, ఒకే పరీక్షతో మూడేళ్ల మెమోలు. డబుల్ డిగ్రీకి అనుమతి వచ్చిందన్న వార్తను ముందుగా వాడుకున్నది వీళ్లే. "రెగ్యులర్ మీరు చదువుకోండి, రెండోది మేం చూసుకుంటాం." దూరవిద్యలో చేరాలంటే 2024 నుంచి ప్రతి విద్యార్థీ యూజీసీ దూరవిద్యా విభాగం పోర్టల్‌లో డీఈబీ ఐడీ తీసుకోవాలి. ఆ ఐడీ లేకుండా అడ్మిషన్ ఇస్తామన్నవాడి దగ్గర డబ్బు కట్టొద్దు. ఏ సంస్థకు ఏ కోర్సు ఇచ్చే అనుమతి ఉందో కూడా ఆ పోర్టల్లోనే ఉంటుంది, సంస్థ పేరు ఉండటం చాలదు, కోర్సు పేరు కూడా ఉండాలి.

ఇన్ని చెప్పుకున్నాక, దోస్త్‌లో సీటు వచ్చిన వారంలోనే రెండోదానికీ ఫీజు కట్టేయాలన్న తొందరకు కారణమే కనబడదు. ఇగ్నోలో ప్రవేశాలు ఏడాదికి రెండుసార్లు, జులైలో, జనవరిలో. ఐఐటీ మద్రాస్ బీఎస్‌కు కూడా ఏడాదిలో ఒకటికంటే ఎక్కువసార్లే పిలుస్తారు. మొదటి సెమిస్టర్ తరగతులకు కొన్నాళ్లు వెళ్లి, బస్సు ఎన్నింటికి దొరుకుతుందో, రాత్రి ఎన్ని గంటలు మిగులుతున్నాయో, బ్యాక్‌లాగులు పడేటట్టున్నాయో చూసుకుని జనవరిలో చేరినా పోయేదేం లేదు.